పన్నెండు ఎలుకల ఫారం

గద్వాల,
జూన్ 12.

చిరంజీవి సింధూజకు మేనమామ కురుమూర్తి ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ బాలనాగమ్మ అత్త క్షేమం. మా చెల్లెలు జములమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీ అమ్మ నూనె నిజంగా రాసుకుంటున్నదో, రాసుకున్నట్టు నీకు చెప్తున్నదో కాస్త కనిపెట్టు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు నవ్వుతావు. విత్తన నిల్వల మండలిలో ముప్పై నాలుగేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. నోటితో అన్న మాటకు ఇక్కడ ఎవరూ బాధ్యులు కారు. పైగా మన రెండు ఆఫీసుల మధ్య టపా సంచి వారానికి రెండుసార్లు బస్సులో తిరుగుతూనే ఉంది. ఈమెయిళ్ళు వచ్చాక అది బక్కచిక్కిపోయింది. నా ఉత్తరమైనా దాని కడుపులో పడనీ.

సంగతి ఏమిటంటే, మీ నాగర్‌కర్నూల్ జోనల్ ఆఫీసు నుంచి నాకు ఈమెయిల్‌లో ఒక ఫారం వచ్చింది. పేరు ‘గోదాములలో మూషిక నష్ట వారపు నివేదిక’. గద్వాల, వనపర్తి జిల్లాల్లోని ఇరవై మూడు గోదాములకు నేను దాన్ని పంపాలట. వాళ్ళు ప్రతి శుక్రవారం ఎన్ని ఎలుకలు కనిపించాయో, ఎన్ని చచ్చాయో, ఎన్ని బస్తాలు కొరికాయో నింపి మీకు పంపాలట. కాగితం మీద రాయకూడదు. కాగితం వాడకం తగ్గించాలన్న ఆదేశం నాలుగు పేజీలుంది, మూడు ప్రతులు వచ్చాయి.

ఫారం తెరవగానే పైన ఎర్ర పట్టీ. భద్రతకు ప్రమాదం, మాక్రోలను ఆపేశాం అని ఇంగ్లీషులో ఉంది. మా జూనియర్ అసిస్టెంట్ మెహరున్నిసా చెయ్యి ఎలుక మీదే పెట్టి, "సార్, నొక్కాల్నా వద్దా?" అని అడిగింది. ఈ ఎలుక కంప్యూటర్ ఎలుక. "జర ఆగమ్మా. ఎర్రగ రాసిండ్రంటె ఏదో పరేషానే ఉంటది" అన్నాను. మా మేనేజర్ వచ్చి చూసి, తాను చూడలేదనుకోమని చెప్పి క్యాంపుకు వెళ్ళిపోయాడు.

ఈ ఫారం తయారుచేసిన మహానుభావుడు ఎవరో కనుక్కుని రాయి. అతని మీద నాకున్న అభిప్రాయం నీకు వివరంగా రాస్తాను.

నీ మామ,
కురుమూర్తి


నాగర్‌కర్నూల్,
జూన్ 18.

పూజ్యులైన మామకు సింధూజ నమస్కారాలు.

అమ్మ నూనె రాసుకోవడం లేదు. మీ ఉత్తరం చదివి వినిపించాక సీసా మూత తీసి వాసన చూసింది. మా ఆయన శివ ఆటో మరమ్మతు అయింది, మళ్ళీ కలెక్టరేట్ నుంచి బస్టాండుకు తిప్పుతున్నాడు. మా అమ్మాయి వర్షకు కాలేజీ మొదలైంది.

మామా, ఆ ఎర్ర పట్టీకి భయపడకండి. మీకు కనిపించేది ఫారం. మాక్రో అంటే దాని వెనక కూర్చుని పనిచేసే గుమాస్తా. మీరు ‘నింపు’ అనే బటన్ నొక్కితే ఆ గుమాస్తా లేచి పాత అంకెలు తుడిచేస్తాడు, ఒక్కొక్క ప్రశ్న అడుగుతాడు, జవాబులు సరైన గడిలో రాస్తాడు. ఈమెయిల్‌లో వచ్చిన ఏ మాక్రోనైనా కంప్యూటర్ అనుమానిస్తుంది. అంతే, ఇందులో ప్రమాదమేమీ లేదు.

ఇలా చేయండి. ఫారాన్ని ముందు మీ కంప్యూటర్‌లోకి దింపుకోండి. తెరవకుండా దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, అడుగున ‘అన్‌బ్లాక్’ అన్నచోట టిక్కు పెట్టండి. ఆ తర్వాత తెరిస్తే పట్టీ రాదు. గోదాములకు మాత్రం నేను పంపిన ఫైలునే ఉన్నదున్నట్టు పంపండి. వాళ్ళూ ఇలాగే చేసుకుంటారు.

నమూనా కోసం ఫారంలో పన్నెండు ఎలుకలు, మూడు బస్తాలు అని రాసి ఉంది. ఆ గడులు చేత్తో మార్చడానికి రావు, తాళం వేసి ఉన్నాయి. మాక్రో నడిస్తేనే మారతాయి.

తయారుచేసినవాళ్ళు ఎవరో కనుక్కుంటాను. ఎవరో చిన్న ఉద్యోగులే అయి ఉంటారు. మరీ కోప్పడకండి.

మీ కోడలు,
సింధూజ


గద్వాల,
జూలై 3.

చిరంజీవి సింధూజకు ఆశీస్సులు.

నీ రైట్ క్లిక్కులు, టిక్కులు నాకు అక్కర్లేకపోయాయి. ఎర్ర పట్టీని నేనే వదిలించాను.

నేను చెప్పేది జాగ్రత్తగా విను, ముందు ముందు నీకు పనికొస్తుంది. పైనుంచి వచ్చింది ఏదైనా చిత్తుప్రతి. దాన్ని యథాతథంగా కిందికి పంపేవాడు పోస్ట్‌మ్యాన్, శుద్ధప్రతి రాసి పంపేవాడు గుమాస్తా. నేను ఉద్యోగంలో చేరిననాడు మా సూపరింటెండెంట్ నేర్పిన పద్ధతి ఇది. ఆ పద్ధతిలోనే ఈ ఫారానికీ శుద్ధప్రతి తీశాను. ఎలా తీశానని అడగకు, అది అనుభవం. శుద్ధప్రతి తెరిస్తే పట్టీ లేదు, హెచ్చరిక లేదు, తెల్లగా నిర్మలంగా ఉంది. ‘తగు చర్య నిమిత్తం’ అని కవరింగ్ లెటర్ జతచేసి ఇరవై మూడు గోదాములకూ పంపించాను.

మా మేనేజర్ నన్ను తన గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. వనపర్తి గోదాం గుమాస్తా ఫయాజ్ ఫోన్ చేసి, "సార్, మీరు గింత కంప్యూటర్ ఎప్పుడు నేర్సిండ్రు?" అన్నాడు. ఇప్పుడు నన్ను అందరూ కంప్యూటర్ సార్ అంటున్నారు. మీ అత్త మాత్రం, "ఊరందరికీ కంప్యూటర్ నేర్పుతవ్, ఫోన్ల గ్యాస్ బుక్ చెయ్యమంటె తెల్వదంటవ్" అంటున్నది. ఇంట్లో గుర్తింపు ఉండదు.

ఒక్కటే లోపం. ‘నింపు’ బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు. అంకె పన్నెండు దగ్గరే నిలిచిపోయింది. శ్రీరంగాపూర్ గోదాం వాచ్‌మన్ ఫకీర్ ఫోన్ చేసి మొత్తుకున్నాడు. "సార్, పొద్దున బస్త కదిలిస్తెనే పదిహేను దుంకుతయి. పన్నెండని ఎట్ల రాస్త?" అన్నాడు. "నువ్వు రాయకు ఫకీర్. ఫారమే రాస్కుంటది. నువ్వు పంపు" అన్నాను. అందరికీ అదే చెప్పాను. గడువుకు ఇరవై మూడు నివేదికలూ వెళ్ళాయి.

బటన్ పనిచేయకపోవడం ఆ తయారుచేసినవాడి అసమర్థత. పేరు ఇంకా రాయలేదు నువ్వు.

నీ మామ,
కురుమూర్తి


నాగర్‌కర్నూల్,
జూలై 20.

పూజ్యులైన మామకు నమస్కారాలు.

మూడు వారాలుగా ఇరవై మూడు గోదాముల నుంచి పన్నెండేసి ఎలుకలు, మూడేసి బస్తాలు వస్తున్నాయి. మా సూపరింటెండెంట్ మధు సార్ మొదటి వారం చూసి మురిసిపోయారు. రెండు జిల్లాల్లో ఇంత క్రమశిక్షణ తాను ఎప్పుడూ చూడలేదట. ఎలుకలది కూడా.

మామా, మీరు ఆ శుద్ధప్రతి ఎలా తీశారో నాకు తప్పకుండా రాయండి. లేదంటే ఇంకో పని చేయండి, మొదట నేను పంపిన ఫైలును ఈ ఉత్తరంతో పాటు మళ్ళీ ఈమెయిల్ చేస్తున్నాను, దాన్నే అందరికీ పంపండి. మీ ప్రతిని ఇక వాడొద్దని చెప్పండి. నాగర్‌కర్నూల్ జిల్లా గోదాములకు మేం నేరుగా పంపాం, వాళ్ళకు బాగానే పనిచేస్తున్నది.

మీరు చేసింది తప్పని కాదు. ఒకసారి సరిచూసుకుంటే మంచిదని.

అమ్మ మిమ్మల్ని అడిగింది. నూనె సగం అయింది, కానీ సీసా వంటింట్లో ఉంటున్నది. పోపులో వేస్తున్నదేమోనని నా అనుమానం.

మీ కోడలు,
సింధూజ


గద్వాల,
ఆగస్టు 25.

చిరంజీవి సింధూజకు ఆశీస్సులు.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యం చేశాను. నిజం చెప్పాలంటే కొంచెం నొచ్చుకున్నాను. నిన్ను వనపర్తిలో టైపు నేర్చుకోవడానికి సైకిల్ మీద దింపినవాణ్ణి, నాకే సరిచూసుకోమని చెప్తావా? అందరికీ ఒకసారి పంపిన ప్రతిని వెనక్కి తీసుకుంటే కంప్యూటర్ సార్ అన్నవాళ్ళే నవ్వుతారు. అందుకని నీ ఫైలు తెరవలేదు.

బటన్ సమస్యకు మెహరున్నిసాతో కలిసి ఒక ఉపాయం చేశాను. ఫారాన్ని ప్రింట్ తీసి, పన్నెండు మీద వైట్‌నర్ పూసి, సరైన అంకె రాసి, ఫోన్‌తో ఫొటో తీసి ఈమెయిల్ చేయమన్నాను. పెబ్బేరు గోదాం నుంచి వచ్చిన ఫొటోలో అంకె కంటే బొటనవేలు పెద్దగా పడింది. జోనల్ ఆఫీసు ఫొటోలు చెల్లవని తిప్పి పంపింది. మళ్ళీ పన్నెండుకే వచ్చాం.

ఇంతలో హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మెమో. నాగర్‌కర్నూల్ జిల్లాలో అంకెలు వారం వారం మారుతుండగా గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఏ గోదాములో చూసినా ఎనిమిది వారాలుగా పన్నెండే ఎందుకున్నాయో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. మా మేనేజర్ ముఖం పాలిపోయింది. నేను మాత్రం ఉత్సాహంగా కలం తీశాను. చాలా ఏళ్ళ తర్వాత చేతినిండా పని దొరికింది. నా జవాబులో మూడో పేరా నీకోసం ఎత్తి రాస్తున్నాను, భాష గమనించు.

"సదరు ఫారమును రూపొందించిన వ్యక్తి తాను పనిచేయుచున్న నాగర్‌కర్నూల్ జిల్లాకు మంచి ఫారమును, మా రెండు జిల్లాలకు చెడిన ఫారమును ఇచ్చి, ఉద్దేశపూర్వకముగా పక్షపాతము చూపినట్లు విశ్వసించుటకు తగిన కారణములు కలవు. అట్టి వ్యక్తిని బాధ్యతల నుండి తొలగించుట మండలి ప్రయోజనముల దృష్ట్యా అత్యవసరమని సవినయముగా మనవి."

నాగర్‌కర్నూల్‌లో బాగానే పనిచేస్తున్నదని నువ్వు రాసిన ముక్కే నాకు ఆధారం అయింది. నీ పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు. ఆరుగురికి ప్రతులు పంపాను. మీ మధు సార్‌కూ ఒకటి.

నీ మామ,
కురుమూర్తి


నాగర్‌కర్నూల్,
సెప్టెంబర్ 5.

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ సంజాయిషీ ప్రతి కూడా మా ఆఫీసుకు అందింది. మధు సార్ దాన్ని అందరి ముందూ పైకి చదివారు. భాష చాలా బాగుందని అందరూ అన్నారు.

ఈ విషయం గురించి ఇక ఎవరికీ ఏమీ రాయకండి. హెడ్డాఫీసు చూసుకుంటుంది.

దసరాకు మేం గద్వాల రావడం లేదు. పని ఉంది. అమ్మ అడిగితే ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పాను. మీరు ఫోన్ చేసినప్పుడు అమ్మతో ఆఫీసు మాటలు మాట్లాడకండి.

సింధూజ


వనపర్తి,
అక్టోబర్ 22.

సింధూజా,

వనపర్తి గోదాం ఆఫీసులో ఫయాజ్ బల్ల మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫారం ఎలా నింపాలో పది గోదాముల గుమాస్తాలకు నేర్పమని మా మేనేజర్ నన్ను ఇక్కడికి పంపించాడు. నేర్పడానికి వచ్చాను.

శిక్షణ మొదలుపెట్టబోతుంటే ఫయాజ్ తన కంప్యూటర్‌లో ఫారం తెరిచాడు. ‘నింపు’ నొక్కాడు. పన్నెండు మాయమైంది. ఎన్ని ఎలుకలు కనిపించాయని కంప్యూటర్ అతన్ని తెలుగులో, మర్యాదగా అడిగింది.

"గిదెట్ల పనిచేస్తుంది?" అని అడిగాను.

"నా పాత కంప్యూటర్ ఖరాబైంది సార్. కొత్తదాంట్ల మీ మెయిల్ దొర్కలె. సింధూజ మేడంకు ఫోన్ చేస్తె మొదటి ఫారం పంపింది. గిది మంచిగ నడుస్తుంది. మీరు పంపినదాంట్ల మాక్రోనే లేదు సార్."

"లేకపోవుడు ఏంది? నేనేం తీసెయ్యలె."

"సేవ్ చేసెటప్పుడు ఏమన్న అడిగిందా?"

"అడిగింది. అవునన్న."

"ఏమడిగింది సార్?"

నాకు తెలియదు. అడిగింది, అవునన్నాను, అంతవరకే గుర్తుంది. అతను నా ముందే మళ్ళీ చేసి చూపించాడు. సేవ్ యాజ్ అని, మామూలు రకం ఫైలు ఎంచుకోగానే ఒక పెట్టె లేచింది. దాని తెలుగు ఇది: ఇలా దాచుకుంటే మాక్రోలు పోతాయి, పోయినా ఫర్వాలేదా? కింద అవును, కాదు. పైనుంచి ప్రశ్న వస్తే కాదు అని చెప్పే అలవాటు ఈ ముప్పై నాలుగేళ్ళలో నాకు కాలేదు. శుద్ధప్రతి తీశానని నీకు గొప్పగా రాశానే, అది ఇదే. నీ గుమాస్తాను బయటికి గెంటేసి, ఖాళీ కుర్చీని ఇరవై మూడు ఊళ్ళకు పంచాను.

అంతటితో అయిపోలేదు. ఫయాజ్ చాయ్ పోస్తూ అన్నాడు: "పాపం సార్, గీ ఫారం చేసింది గా మేడమేనంట. ఆమెకు నోటీసు ఇచ్చిండ్రంట. ఎవరో పెద్దమనిషి ఆమె మీద మస్తు గట్టిగ రాసిండంట."

ఆ పెద్దమనిషి ఎవరో అతనికి తెలియదు. పది మంది గుమాస్తాలు నా వైపే చూస్తున్నారు. తలనొప్పిగా ఉందని చెప్పి శిక్షణ ఆపేశాను.

నాకు ఎందుకు చెప్పలేదు? జూన్‌లో అడిగాను, జూలైలో అడిగాను. ఇప్పుడు నీ ఉద్యోగం పరిస్థితి ఏమిటో దాచకుండా రాయి. ఫోన్ చేయాలని రెండుసార్లు తీశాను. నీ గొంతు వినే ధైర్యం లేక పెట్టేశాను.

కురుమూర్తి


నాగర్‌కర్నూల్,
అక్టోబర్ 28.

మామా,

దాచకుండానే రాస్తున్నాను.

ఫారం నేనే చేశాను. వీడియోలు చూసి రెండు నెలలు నేర్చుకుని చేశాను. మండలిలో మాక్రో రాయగలిగింది నేనొక్కదాన్నేనని మధు సార్ అందరికీ చెప్పుకునేవారు. జూన్‌లో మీరు మహానుభావుడని రాసేసరికి నవ్వొచ్చింది. అంతా బాగా నడిచాక చెప్పి మిమ్మల్ని ఆటపట్టిద్దామనుకున్నాను. ఆ రోజు రాలేదు.

జూలై మొదటి వారంలో మీ గోదాముల ఫైళ్ళు తెరవగానే తెలిసిపోయింది. చివరగా సేవ్ చేసింది ఎవరో ఫైలులోనే ఉంటుంది. ఇరవై మూడింటిలోనూ మీ పేరే ఉంది.

నాది కూడా తప్పుంది. మాక్రో నడవకపోతే ఫారం ఆ మాట పైకి చెప్పేలా చేసి ఉండాల్సింది. నమూనా అంకెలు వదిలి ఉండకూడదు. ఇవన్నీ తర్వాత సరిచేశాను.

నాకు వచ్చిన నోటీసులో మీ మూడో పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది. పక్షపాతం ఎందుకు చూపావని అడిగారు. ఆ ఫైళ్ళు చూపిస్తే నా మీద ఏమీ ఉండదు, మీ మీద ఉంటుంది. అందుకని పొరపాటు జరిగిందని మాత్రం రాసిచ్చాను. మాది అవుట్‌సోర్సింగ్. ప్రతి డిసెంబర్ 31కి రెన్యువల్ కావాలి. ఈసారి పంపిన జాబితాలో నా పేరు లేదు. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

మీరంటే కోపం రాలేదని చెప్పను. చాలా వచ్చింది. ఆ పేరా రోజూ చదివాను. బస్సులో చదివాను. సైకిల్ మీద నన్ను దింపిన మనిషే రాశాడా అనుకున్నాను. మీకు తెలియదని తెలిసినా కోపం పోలేదు.

అయినా మీరు ఇప్పుడేమీ రాయొద్దు. మార్చిలో మీ రిటైర్మెంట్. మీ సర్వీస్ రిజిస్టర్‌లో ఒక్క మచ్చ లేదని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. నేను ఇంకెక్కడైనా చూసుకుంటాను. ఇక్కడ మీసేవ కేంద్రంలో మనిషి కావాలంటున్నారు. శివకు చెప్పాను. అమ్మకు చెప్పలేదు.

సింధూజ


గద్వాల,
నవంబర్ 3.

చిరంజీవి సింధూజకు,

ఈ కింది లేఖ ఈ ఉదయం హెడ్డాఫీసుకు పంపించాను. ఇది నీ అనుమతి కోసం కాదు, సమాచారం కోసం. ఎనిమిది చిత్తుప్రతులు రాశాను. మొదటి ఏడింటిలో ‘తప్పిదము జరిగినది’ అనే వచ్చింది. ఎవరు చేశారన్నది వాక్యంలోకి ఎంతకీ రాలేదు. చెయ్యికి ఆ అలవాటు లేదు.

విషయం: మూషిక నష్ట నివేదిక – నా ఆగస్టు సంజాయిషీని ఉపసంహరించుకొనుట గురించి.

అయ్యా,
ఆగస్టులో నేను సమర్పించిన సంజాయిషీ అబద్ధము. నాగర్‌కర్నూల్ జోనల్ ఆఫీసు నుండి వచ్చిన ఫారము సక్రమముగా ఉన్నది. ఉన్నది ఉన్నట్లు పంపమని, ఎట్లు తెరవవలెనో కూడ తెలిపి రాసినారు. నేను వినలేదు. ఫారమును వేరే రకం ఫైలుగా సేవ్ చేసి అందులోని మాక్రోలను పోగొట్టినది నేను. చెడిన ప్రతిని ఇరవై మూడు గోదాములకు పంపినది నేను. పన్నెండు అంకె మారడం లేదని సిబ్బంది చెప్పినను అదే పంపమన్నది నేను. ఫారము తయారుచేసిన శ్రీమతి సింధూజ పక్షపాతము చూపలేదు. ఆ మాట ఏ ఆధారము లేకుండ రాసినాను. ఆమె నాకు మేనకోడలు. ఆ సంగతి కూడ తమకు తెలియవలెను. చెడిన ప్రతిని, మంచి ప్రతిని జతపరుస్తున్నాను, ఎవరితోనైనను పరీక్ష చేయించగలరు.

ఆరుగురికి ప్రతులు పంపాను. ముందు ఎవరికి పంపానో వాళ్ళకే.

నీ మామ,
కురుమూర్తి


నాగర్‌కర్నూల్,
డిసెంబర్ 30.

పూజ్యులైన మామకు నమస్కారాలు.

వద్దన్నా రాశారు. మీ లేఖ ఇక్కడికి వచ్చిన రోజు ఆఫీసంతా చేతులు మారి చదివింది. ఈసారి పైకి చదవలేదు. మధు సార్ కళ్ళద్దాలు తుడుచుకుని, "గిట్ల గూడ రాస్తరా?" అన్నారు.

తర్వాత జరిగింది వింటే మీరు నమ్మరు. హెడ్డాఫీసు మీ లేఖను తీసుకోలేదు. సంజాయిషీలన్నీ ఇప్పుడు కాగితం మీద కాదు, ఈ-ఫారంలోనే ఇవ్వాలట. మెహరున్నిసా మీ తరఫున ఆ ఫారం నింపడానికి కూర్చుంది కదా, మీకు చెప్పే ఉంటుంది. ‘తప్పు ఎవరిది’ అన్నచోట ఒక జాబితా తెరుచుకుంటుంది. కింది సిబ్బంది, యంత్రం, కరెంటు, వాతావరణం, గత అధికారి. అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. ‘నేను’ అన్నది లేదు. ఎంచుకోకపోతే ఫారం ముందుకు పోదు. మీ ఫైలు మూడు వారాలు అక్కడే ఆగింది.

ఆ ఫారం చేసిన కంపెనీ ఒప్పందం అయిపోయింది. జాబితాలో ఇంకో వరుస చేర్చగలిగినవాళ్ళు ఎవరని హెడ్డాఫీసు అడిగితే మధు సార్ నా పేరు చెప్పారు. నోటీసు ఉన్న మనిషి చేత పనిచేయించుకోకూడదని వాళ్ళు, మీ లేఖ ఉండగా నోటీసు ఎలా నిలుస్తుందని సార్. చివరికి డిసెంబర్ 18న నోటీసు రద్దు చేశారు. 19న ఆ వరుస చేర్చాను. ‘నేనే’ అని పెట్టాను. నిన్న సాయంత్రం రెన్యువల్ ఆర్డరు వచ్చింది, ఇంకో ఏడాదికి. మండలిలో ఆ వరుస ఎంచుకున్నది ఇప్పటికి మీరొక్కరే.

ఆర్డరు చేతికొచ్చాక అమ్మకు అంతా చెప్పాను. అంతా విని, "అన్న అన్నం తింటుండా?" అని అడిగింది. నా కోపం పూర్తిగా పోయిందో లేదో నాకే తెలియదు మామా. కానీ ఆ రోజు ఆ ఫారంలో మీ జవాబు చూస్తే ఏడుపొచ్చింది.

మీ మీద చర్య ఏదో ఉంటుందంటున్నారు. ఏమొచ్చినా వెంటనే రాయండి.

మీ కోడలు,
సింధూజ


గద్వాల,
జనవరి 17.

చిరంజీవి సింధూజకు మామ ఆశీస్సులు.

చర్య వచ్చింది. అభిశంసన. పింఛనుకు ఇబ్బంది లేదు, సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఈ ఆఫీసులో సర్వీస్ రిజిస్టర్లు చూసే గుమాస్తాను నేనే కాబట్టి, కురుమూర్తి అనే ఉద్యోగి మీద వచ్చిన అభిశంసనను నమోదు చేయమని ఆదేశిస్తూ కాగితం కూడా నాకే వచ్చింది. అందినట్టు నాకు నేనే రసీదు ఇచ్చుకున్నాను.

ఇదివరకు పదకొండు మందికి ఇలాంటి నమోదు నా చేత్తో రాశాను. వాళ్ళలో ఇద్దరు నా బల్ల ముందు కూర్చుని ఏడ్చారు. ఒకాయన, "జర మెల్లగ రాయి కురుమూర్తీ" అన్నాడు, మెల్లగా రాస్తే తగ్గుతుందన్నట్టు. నేను తలెత్తలేదు. వాళ్ళు నిజంగా ఏం చేశారో, ఎవరి మూడో పేరా వల్ల అక్కడికొచ్చారో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. కాగితం వచ్చింది, రాశాను. ఈ వారమంతా వాళ్ళ మొహాలే గుర్తొస్తున్నాయి.

మీ అత్తకు నిన్న చెప్పాను. "పోనీ, పిల్లను కాపాడినవ్ గద" అన్నది. "కాపాడుడేంది? ముంచింది నేనే గద. బయటికి గుంజిన, గంతే" అన్నాను. అన్నం మాత్రం తిన్నానని జములమ్మకు చెప్పు.

ఈ రోజు మధ్యాహ్నం రిజిస్టర్ తీశాను. నా పేజీలో ఇంక్రిమెంట్లు, సెలవులు తప్ప ఏమీ లేవు. కింద ఖాళీ ఉంది. తేదీ వేసి, ఆర్డరు నంబరు వేసి, నాలుగు పంక్తులు రాశాను. నిర్లక్ష్యముగా వ్యవహరించి, నిర్దోషి అయిన ఉద్యోగినిపై నిందారోపణ చేసినందుకు, అని కారణం కూడా రాశాను. ఆర్డరులో మొదటి సగమే ఉంది. రెండో సగం నేను చేర్చాను.

పద్ధతి ప్రకారం ఇంకొకరు సరిచూడాలి. మెహరున్నిసాను పిలిచి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, పేజీ పైన పేరు చూసి, గాబరాగా అన్నది: "సార్, వేరేటోళ్ళది పొరపాటున మీ పేజీల రాసినట్టున్నరు. కొట్టెయ్యాల్నా?"

వద్దన్నాను. ఆమె సరిచూసినట్టు సంతకం పెట్టింది. నేను రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టాను.

నీ మామ,
కురుమూర్తి